దసరా రోజు ఒక్క పాయింటు

దసరా నాడు పాలపిట్టని చూడాలంటారు. ఒహాయోలో పాలపిట్ట ఎక్కడ దొరుకుతుంది? 2024 అక్టోబర్ 12 పొద్దున మా పెరటి కంచె మీద ఒక బ్లూ జే వాలితే, "ఇదీ నీలంగానే ఉంది కదా, దండం పెట్టేసుకోండి" అంది మా ఆవిడ. పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో తనకి చెప్పలేదు. ఆ రాత్రి ఏడున్నరకి మా ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళకి ఒరెగాన్ యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ ఉంది.

గేమ్ పోయింది. 32-31. ఒక్క పాయింటు.

పోవడం కన్నా పోయిన తీరు ఎక్కువ బాధపెట్టింది. ఆఖరి 6 సెకన్లు. బంతి మనవాళ్ళ చేతిలోనే ఉంది. ఇంకాస్త ముందుకు జరిగితే ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని గోల్ కర్రల మధ్యలోంచి తన్ని, గెలిచేయొచ్చు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపే విల్ హోవర్డ్, విసరడానికి చూశాడు, ఎవరూ ఖాళీగా కనపడలేదు, మధ్యలోంచి తనే పరుగెత్తాడు. దెబ్బ తగలకుండా నేల మీదికి జారాడు. జారినవాడు లేచి చూసేసరికి గడియారంలో సున్నాలు. మా బేస్‌మెంట్‌లో పదిమంది మగవాళ్ళం, చల్లారిపోయిన మిర్చి బజ్జీల పళ్ళెం, మధ్యలో టీవీ. పైన ఆడవాళ్ళూ పిల్లలూ జమ్మి ఆకు పంచుకుంటున్నారు. ఎవరో ఇండియా నుంచి ఎండిన ఆకులు జాగ్రత్తగా తెచ్చారు. "బంగారం తీసుకోండి, అలయ్ బలయ్ ఇచ్చుకోండి" అని కేకేస్తే, ఒకళ్ళనొకళ్ళం పరామర్శకొచ్చినవాళ్ళలా కౌగిలించుకున్నాం.

అంతకు ముందు జరిగిన ఒక చిత్రం చెప్పాలి. ఆ గేమ్ చివర్లో ఒరెగాన్ వాళ్ళు 11 మంది ఉండాల్సిన చోట 12 మందిని నిలబెట్టారు. పెనాల్టీ పడింది, 5 యార్డులు ఇచ్చారు. కానీ ఆ ఆటకి పోయిన 4 సెకన్లు వెనక్కి రాలేదు. తప్పు చేసినవాడికే లాభం! తర్వాతి వారంలోనే ఆ కంత మూసేస్తూ నియమాన్ని సవరించారు. మనకేం లాభం, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

ఆ మర్నాటి నుంచి మా వాళ్ళ మాటలు ఎటు పోయాయో, వాటిలో నా మాటలు ఎంత తప్పో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది హనుమకొండ. 2007లో ఎమ్మెస్ చదవడానికి కొలంబస్ వచ్చాను. రూమ్మేట్ ఒకడు తన దగ్గరున్న అదనపు టికెట్టు ఇచ్చి నన్ను స్టేడియానికి లాక్కెళ్ళాడు. గుర్రపు నాడా ఆకారంలో కట్టిన స్టేడియం అది, 1922 నాటిది. లక్ష మందికి పైగా పడతారు. మేడారం జాతర తర్వాత అంతమంది జనాన్ని నేను ఒక్కచోట చూసింది అక్కడే. ఆట అర్థం కాలేదు. అవతలి గట్టు "ఓ-హెచ్" అంటే ఇవతలి గట్టు "ఐ-ఓ" అని అరవడం మాత్రం అర్థమైంది. అది చాలు కదా, మనిషి దేనికైనా పడిపోవడానికి.

సరే, 2024కి వద్దాం. ఆ ఏడాది టీము మీద ఆశలు మామూలుగా లేవు. అంతకు ముందు మూడేళ్ళు వరసగా మా పాత ప్రత్యర్థి మిషిగన్ చేతిలో ఓడిపోయాం. ప్రొఫెషనల్ ఆటకి వెళ్ళిపోవాల్సిన సీనియర్లు, జాక్ సాయర్, ఎమెకా ఎగ్‌బూకా, ట్రెవియాన్ హెండర్సన్ లాంటివాళ్ళు, ఆ బాకీ తీర్చుకోవడానికే ఇంకో ఏడాది ఆగారు. అలబామా నుంచి కేలబ్ డౌన్స్ వచ్చాడు. ఓల్ మిస్ నుంచి క్విన్షాన్ జడ్కిన్స్ వచ్చాడు. కొత్త కుర్రాడు జెరమయా స్మిత్ బంతి పడుతుంటే చూసి తీరాలి. ఆటగాళ్ళందరి మీదా ఆ ఏడాది దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయిందని యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టరే చెప్పాడు. కాలేజీ పిల్లల ఆటకి 2 కోట్ల డాలర్లు! అంత పెట్టాక ఒక్క పాయింటుతో ఓడితే జనం ఊరుకుంటారా?

ఊరుకోలేదు. ఒరెగాన్ గేమ్ తర్వాత వారం ఆట లేదు. ఆ ఖాళీ శనివారం అంత ప్రమాదకరమైనది ఇంకోటి ఉండదు. ఆట లేకపోతే మాటలే ఆట. "కోచ్ రయన్ డే పెద్ద గేములు గెలవలేడు, తీసెయ్యాలి" అని ఒకరు. "హోవర్డ్‌కి బుర్ర లేదు, 6 సెకన్లు లెక్కపెట్టుకోవడం రాదా" అని ఇంకొకరు. నేనైతే ఇంకా ముందుకెళ్ళి, "ఈ ఏడాది సీజన్ అయిపోయింది, వదిలెయ్యండి" అని తేల్చేశాను. ఆదివారం పొద్దున ఉప్మా తింటూ ఆ మాట అన్నానో లేదో, పద్నాలుగేళ్ళ మా అబ్బాయి, "నాన్నా, ఈ ఏడాది నుంచి జాతీయ కప్పు ప్లేఆఫ్‌కి పన్నెండు టీములు. నువ్వింకా నాలుగు దగ్గరే ఉన్నావు" అన్నాడు.

వాడు అన్నది నిజం. నా భయం 2024ది కాదు, 2018ది.

2018 అక్టోబర్ 20న పర్డ్యూ వాళ్ళు మమ్మల్ని 49-20తో చితక్కొట్టారు. ఆ ఏడాది సీజన్ మొత్తంలో ఓడింది ఆ ఒక్క గేమే. మా కాన్ఫరెన్స్, అంటే మేం ఆడే యూనివర్సిటీల లీగు, టైటిల్ కూడా గెలిచాం. అయినా జాతీయ కప్పు కోసం ప్లేఆఫ్‌కి తీసుకునే నాలుగు టీముల్లో చోటు దక్కలేదు. 2015 ఇంకా దారుణం. అంతకు ముందు ఏడాది దేశంలోకెల్లా గెలిచిన టీము, దాదాపు అందరూ ఉన్నారు. నవంబర్‌లో మిషిగన్ స్టేట్‌తో 17-14తో ఒక్కసారి తూలితే అంతే సంగతులు. 2014 నుంచి 2023 దాకా పదేళ్ళు ఆ నాలుగు టీముల పద్ధతే నడిచింది. ఆ పదేళ్ళలో ఒక్క ఓటమి అంటే చాలాసార్లు శిక్ష పడినట్టే. అందుకే మాలాంటి పాతకాపులకి ఒక్క ఓటమి చూస్తే కాళ్ళు వణుకుతాయి. అది తెలివితక్కువతనం కాదు, దెబ్బలు తిన్న జ్ఞాపకం. కాకపోతే పాత కేలండర్ చూసుకుంటూ కొత్త ఏడాది తిథులు లెక్కపెట్టినట్టు.

పన్నెండు టీములొచ్చాక లెక్క మారింది. ఒక ఓటమి, ఒక్కోసారి రెండు ఓటములు కూడా, తట్టుకోవచ్చు. అప్పుడు సీజన్ మధ్యలో అడగాల్సిన ప్రశ్న కూడా మారాలి. "ఈ టీము ఎంత గొప్పది?" అనేది అక్టోబర్‌లో పనికిరాని ప్రశ్న. ఏది విరిగింది, అతకడానికి మనుషులున్నారా, టైముందా అని అడగాలి. ఈ ముక్క నాకు నేనుగా తట్టింది కాదు. మా పక్కింటి పెద్దాయన నేర్పాడు.

ఆయనకి డెబ్బై ఐదు దాటాయి. వుడీ హేస్ కోచ్‌గా ఉన్న రోజుల నుంచీ చూస్తున్నాడు, అంటే 1978కి ముందు సంగతి. భార్యకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై మెట్లెక్కలేకపోతోందని, అక్టోబర్ 26న నెబ్రాస్కా గేమ్‌కి ఆవిడ టికెట్టు నాకిచ్చాడు. పై అంతస్తులో సి డెక్. ఆట మొదలవగానే మెడలో ఉన్న బైనాక్యులర్స్ తీసి నా చేతిలో పెట్టి, "బంతిని చూడకు" అన్నాడు.

"మరి దేన్ని చూడాలి?"

"ఎడమ చివర నిలబడ్డ పెద్ద కుర్రాణ్ణి చూడు."

ఆ చోటుని లెఫ్ట్ టాకిల్ అంటారు. కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి ఒళ్ళు తిప్పితే అతని వీపు ఎడమ వైపుకి ఉంటుంది. అటు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. ఆ వీపుకి కాపలా లెఫ్ట్ టాకిల్. అతను బంతి ముట్టుకోడు, అతని పేరు మైక్‌లో వినపడదు. పేరు వినపడిందంటే ఏదో తప్పు చేసినట్టే లెక్క. పెళ్ళి పందిట్లో పూల అలంకరణ గురించి అందరూ మాట్లాడతారు, రాటల గురించి ఎవరు మాట్లాడతారు? ఒకటి ఒరిగినప్పుడు తప్ప.

మాకు ఒరిగింది. ఒరెగాన్ గేమ్‌లోనే మా లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు దెబ్బతింది, ఆ ఏడాదికి ఇక ఆట లేదు. మేమంతా వారం పాటు కోచ్ గురించీ, 6 సెకన్ల గురించీ, 12 మంది గురించీ గొంతు చించుకున్నాం. ఈ మోకాలి గురించి మా బేస్‌మెంట్‌లో ఒక్కడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

నెబ్రాస్కా గేమ్‌లో ఆ స్థానంలో ఇంకో కుర్రాడు నిలబడ్డాడు. పేరెందుకులెండి, కాలేజీ పిల్లాడు. బైనాక్యులర్స్‌లోంచి చూస్తే అతని భుజాలు పైకీ కిందకీ ఊగుతున్నాయి, ఆట మొదలవకముందే ఊపిరి ఎగదోస్తున్నాడు. ఎదుటివాడు బయటి వైపుకి ఒక అడుగు వేస్తే ఇతను రెండు అడుగులు వెనక్కి వేస్తున్నాడు. ఆ తేడాలోనే ఎదుటివాడు లోపలికి దూరిపోతున్నాడు. అవతల హోవర్డ్ తొందరపడి విసిరేస్తున్నాడు, పరుగెత్తేవాళ్ళకి సందు దొరకట్లేదు. చుట్టూ జనం "హోవర్డ్! ఏం చూస్తున్నావ్!" అని తిడుతున్నారు. నేను చూస్తున్నది వేరే గేమ్ అనిపించింది. పరుగుల మీద ఆ రోజు వంద యార్డులు కూడా రాలేదు. చివరి క్వార్టర్‌లో 17-14తో వెనకబడి, ఎలాగో 21-17తో బయటపడ్డాం. ఆ పిల్లాడు కూడా దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు. జనం గెలిచాం అంటూ మెట్లు దిగుతున్నారు. పెద్దాయన మాత్రం సీట్లోంచి లేవకుండా, "ఇంకో వారంలో పెన్ స్టేట్. ఎడమ పక్క మనిషి లేడు" అన్నాడు, ఇంట్లో బియ్యం అయిపోయాయి అన్నంత మామూలుగా.

కోచింగ్ వాళ్ళు ఏం చేశారంటే, లోపల గార్డ్‌గా ఆడే డానవన్ జాక్సన్‌ని బయటికి జరిపి లెఫ్ట్ టాకిల్ చేశారు. ఇది చెప్పినంత సులువు కాదు. కబడ్డీలో కవర్ ఆడేవాణ్ణి సీజన్ మధ్యలో కార్నర్‌లో నిలబెట్టినట్టు. అదే మనిషి, అదే బలం, కానీ కాళ్ళు వేసే లెక్క వేరు. అతని ఖాళీలోకి కార్సన్ హింజ్‌మన్ వచ్చాడు. నవంబర్ 2న, పెన్ స్టేట్ ఇంట్లో, ఎదురుగా అబ్దుల్ కార్టర్. ఆ తర్వాత డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోట, మూడోవాడిగా ఎంపికైన ఆటగాడు. జాక్సన్ కొత్త ఉద్యోగంలో మొదటి రోజు ఎవరితో పెట్టారో చూడండి!

దీపావళి వెళ్ళిన శనివారం అది. మా ఇంట్లోనే చూశాం. మొదటి క్వార్టర్‌లోనే హోవర్డ్ విసిరిన బంతిని అవతలివాడు పట్టుకుని మా గోల్ లైన్ దాటించి టచ్‌డౌన్ చేసేశాడు. 10-0. "చెప్పానా" అన్నారు కొందరు. అక్కణ్ణించి నెమ్మదిగా పైకొచ్చి చివరి క్వార్టర్‌కి 20-13. పెన్ స్టేట్ మా గోల్ లైనుకి 3 యార్డుల దాకా వచ్చేసింది. నాలుగు ప్రయత్నాలు. నాలుగూ ఆపేశారు. అందరూ అదే గొప్పగా చెప్పుకుంటారు, నిజంగా గొప్పే. కానీ నాకు గుర్తున్నది ఆ తర్వాతది. ఇంకా ఐదు నిమిషాల పైన ఉంది. బంతి మన గోల్ లైన్‌కి ఆనుకుని ఉంది. అక్కడ ఒక్క అడుగు తడబడితే గోవిందా. అతుకులేసిన ఆ ఐదుగురే ముందుకు నెట్టుకుంటూ పోయారు. పరుగు, మళ్ళీ పరుగు, మళ్ళీ పరుగు. అవతలివాళ్ళకి బంతి మళ్ళీ దొరకనే లేదు. గడియారం అయిపోయింది. వారం కిందట వంద యార్డులు తేలేని టీము ఇది.

పెద్దాయనకి ఫోన్ చేస్తే, "చూశావా?" అన్నాడు. దేన్ని అని అడగలేదు.

డిఫెన్స్ సంగతీ అంతే. ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్‌ని దసరా రోజు ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయాం. ఆ ఖాళీ వారంలో మేం అరుచుకుంటూ ఉంటే, డిఫెన్స్ చూసే జిమ్ నోల్స్ తన పద్ధతులు మార్చుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత రెగ్యులర్ సీజన్‌లో మా మీద 17 పాయింట్లు దాటినవాళ్ళు లేరు. జనవరి 1న ప్లేఆఫ్‌లో, రోజ్ బౌల్ అనే గేమ్‌లో మళ్ళీ అదే ఒరెగాన్, అదే గేబ్రియల్. ఈసారి 8 సార్లు పడగొట్టారు. మొదటి సగంలో ఒక దశలో 34-0. చివరికి 41-21. అక్టోబర్‌లో సున్నా, జనవరిలో ఎనిమిది. మధ్యలో కోచ్‌ని మార్చలేదు, క్వార్టర్‌బ్యాక్‌ని మార్చలేదు.

ఇక్కడితో ఆపేస్తే నా వాదన నున్నగా ఉండేది. కానీ మధ్యలో నవంబర్ 30 ఉంది.

మిషిగన్ ఆ ఏడాది 6 గెలిచి 5 ఓడి వచ్చింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బంతి విసరలేడని ఊరందరికీ తెలుసు. ఆ వారం అంతా మా క్యాంపస్‌లో బోర్డుల మీద ఎమ్ అక్షరం ఎక్కడుంటే అక్కడ ఎర్ర టేపుతో కొట్టేస్తారు, అంత పట్టింపు. ఓడిపోయాం. 13-10, మన ఇంట్లో. రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాయి, రెండు ఇంటర్‌సెప్షన్లు, అంటే మనం విసిరిన బంతి అవతలివాళ్ళు పట్టేసుకోవడం. ఈ లోపు వరస మధ్యలో నిలబడే సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగి పడిపోయాడు, హింజ్‌మన్‌ని మళ్ళీ అక్కడికి జరిపారు. అతుకు మీద అతుకు. అయినా ఎందుకో ఆ రోజంతా గోడకి తల బాదుకున్నట్టు మధ్యలోకే పరుగెత్తించారు, మిషిగన్ వాళ్ళ బలమంతా అక్కడే ఉంటే. బాగైంది అని నేను సంబరపడ్డది సగమే బాగైందన్నమాట. ఆట అయ్యాక మైదానం మధ్యలో జెండా పాతే గొడవ, తోపులాట, పోలీసుల పెప్పర్ స్ప్రే. చూడలేక టీవీ కట్టేశాను. మా బేస్‌మెంట్‌లో కోచ్‌ని తీసెయ్యాలన్న పార్టీలో మళ్ళీ చేరిపోయాను. సిగ్గుగానే ఉంది, కానీ అబద్ధం చెప్పలేను.

మిగతాది అందరికీ తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. ఎనిమిదో నంబరుగా ప్లేఆఫ్‌లోకి వెళ్ళాం. చలికి వణుకుతూ సొంత స్టేడియంలో టెనెసీని 42-17తో కొట్టాం. తర్వాత ఒరెగాన్. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు టెక్సస్‌తో. మా బామ్మర్ది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. చదివింది ఫుట్‌బాల్ టీమే లేని కాలేజీలో, అయినా టెక్సస్ టీము లాంగ్‌హార్న్స్ అంటే ప్రాణం. వాళ్ళు మా గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలో ఉండగా, "బావా, ఇక టై" అని మెసేజ్ పెట్టాడు. అక్కణ్ణించి వెనక్కి వెనక్కి పోయి, నాలుగో ప్రయత్నంలో జాక్ సాయర్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, తనే ఎత్తుకుని 83 యార్డులు పరుగెత్తాడు. 28-14. ఆ ఇద్దరూ ఒకప్పుడు కొలంబస్‌లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. బామ్మర్ది పండక్కి ఫోన్ చెయ్యలేదు. జనవరి 20న అట్లాంటాలో నాటర్‌డేమ్‌ని 34-23తో ఓడించి కప్పు ఎత్తాం. ఒరెగాన్ గేమ్ చివర జారి కూర్చున్న హోవర్డే ఆ కప్పూ ఎత్తాడు.

కాబట్టి "సీజన్ అయిపోయింది" అన్నవాడు తప్పు, అంతే కదా? మా అబ్బాయి అదే అంటాడు. పెద్దాయన ఒప్పుకోడు. నేను ఒకసారి కంచె దగ్గర నిలబడి, ఈ కొత్త పద్ధతి మంచిది, ఓటమిని దిద్దుకునే అవకాశం ఇస్తుంది అని నా వాదనంతా వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, "మిషిగన్‌తో ఓటమిని దేనితో దిద్దుతావు?" అన్నాడు. మిషిగన్‌ని ఓడించిన ఏడాది ఒహాయో స్టేట్ ఆటగాళ్ళకి గోరంత బంగారు లాగు బొమ్మ ఇస్తారు. 1934 నుంచీ ఉన్న ఆచారం. "ఆ పిల్లలు నాలుగేళ్ళు ఆడారు. వేలికి ఉంగరం ఉంది, లాగు లేదు" అన్నాడాయన. నవ్వొచ్చింది కానీ ఆయన నవ్వట్లేదు. శనివారం ఓడిపోతే జనవరిలో చూసుకుందాంలే అనుకునే ఆటకి శనివారం ఎందుకు రావాలి, అని ఆయన బాధ. నా దగ్గర సమాధానం ఉంది, కప్పు కప్పే అని. ఆయన మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

2025లో అంతా తిరగబడింది. సీజన్ మొదట్లోనే టెక్సస్‌ని 14-7తో ఓడించాం. అక్టోబర్‌లో మొదటి ర్యాంకు. మా బేస్‌మెంట్‌లో వాదన అన్నదే లేదు, బజ్జీలు వేడివేడిగా అయిపోయాయి. ఏది విరిగిందని అడగడానికి ఏదీ విరగలేదు మరి. నేను కూడా అడగలేదు. అంతకు ముందు ఏడాది నేర్చుకున్న పాఠం గెలుస్తున్నప్పుడు గుర్తురాదు. నవంబర్ 29న మిషిగన్‌ని వాళ్ళ ఊళ్ళోనే 27-9తో ఓడించాం. వారానికి ఇండియానా చేతిలో 13-10తో కాన్ఫరెన్స్ టైటిల్ పోయింది. డిసెంబర్ 31న మయామీ చేతిలో 24-14తో ఇంటికొచ్చేశాం. రెండు గేముల్లోనూ మన క్వార్టర్‌బ్యాక్ పదేపదే నేల కరిచాడు. అప్పుడు గుర్తొచ్చాయి బైనాక్యులర్స్. అక్టోబర్ అంతా జెరమయా స్మిత్ బంతి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

కొత్త సంవత్సరం పొద్దున మొహం వేలాడేసుకుని చెత్త డబ్బా రోడ్డు మీదికి లాగుతుంటే, పెద్దాయన తన వాకిట్లో మంచు ఊడుస్తూ ఈలేస్తున్నాడు. రాత్రి గేమ్ చూడలేదేమో అనుకున్నాను. చూశాడట, చివరిదాకా.

"ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"నవంబర్ 29 నుంచీ బాగానే ఉన్నాను" అన్నాడు.